ఎండునాచు చంపదు

శవాన్ని చూడకముందే కేసు ముగిసిపోయిందని ఇన్‌స్పెక్టర్ ఎల్బా కొలివోరోకి చెప్పేశారు.

చెప్పినవాడు కమిషనర్ రెనాతో ఉబీయా. ప్వెర్తో మోంత్ నగరం నుంచి మొదటి ఫెర్రీలో దిగి, ఆమెకంటే ముందే చేపపిల్లల కేంద్రానికి చేరుకున్నాడు. నాచు కొట్టు గుమ్మంలో నిలబడి, ముఖానికి కట్టుకున్న గుడ్డని గడ్డం కిందికి లాక్కుని, వేడివేడి బంగాళాదుంప రొట్టె తింటున్నాడు.

"ప్రమాదం. నాచు కుళ్ళి విషవాయువు వచ్చింది, డాక్టరు పీల్చాడు, పోయాడు. సంతకం పెట్టేస్తే మధ్యాహ్నానికి ఇంటికెళ్ళొచ్చు కొలివోరో" అన్నాడు వేళ్ళు తుడుచుకుంటూ.

ఎల్బా అతన్ని దాటుకుని లోపలికి నడిచింది.

చనిపోయినవాడు నిబాల్దో ఒయార్సో, ఆ కేంద్రంలో చేపల డాక్టరు. సాల్మన్ గుడ్లు పొదిగించి, పిల్లల్ని జానెడు పెంచి, చిలీ దేశంలోని చిలోయే దీవి చుట్టూ సముద్రంలో కట్టిన వలల పంజరాల్లోకి పంపడం అక్కడి పని. అప్పుడప్పుడే మేత అలవాటు పడుతున్న పిల్లలకి మందుల వాడకం తగ్గించాలని నిబాల్దో కొంతకాలంగా ఒక ప్రయత్నం చేస్తున్నాడు. జుట్టులా సన్నగా ఉండే ఎర్రనాచుని ఎండబెట్టి, పిండి చేసి, మేతలో చిటికెడు చిటికెడు కలిపేవాడు. ఆ నాచుని ఊళ్ళో పెలీయో అంటారు. అది తిన్న పిల్లలకి తిండి ఒంటబడుతోందని, రెక్కలు చివికిపోవడం లేదని, జబ్బు వచ్చినా తట్టుకుంటున్నాయని కేంద్రంలో అందరూ ఒప్పుకున్నారు. మొన్నటిదాకా. మొన్న కొత్త భవనంలోని తొట్లలో పిల్లలన్నీ ఒక్కసారిగా పొట్టలు పైకి తిప్పి తేలాయి. నాచే చంపిందన్నారు. ఈరోజు పొద్దున్న డాక్టరే నాచు కొట్టులో శవమై కనిపించాడు.

ఎల్బా శవం పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. నిబాల్దో బస్తాల మధ్య వెల్లకిలా ఉన్నాడు, రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని. ఆ చేతులే ఆమెకి మొదట నచ్చలేదు. ఊపిరాడక చచ్చేవాడు చేతులు అంత పద్ధతిగా పెట్టుకోడు. చొక్కా గుండీలు విప్పింది. ఛాతీ మీద, ఎడమ చెంప మీద ఊదారంగు మరకలున్నాయి. ప్రాణం పోయాక రక్తం కిందివైపుకి దిగి అక్కడే నిలిచిపోతుంది. మరకలు ముందువైపున్నాయంటే పోయాక చాలాసేపు అతను బోర్లా పడి ఉన్నాడన్నమాట. తర్వాత ఎవరో తిప్పి పడుకోబెట్టారు. బూట్ల అడుగున బూడిదరంగు బురద అట్టకట్టి ఉంది. మెడలో సిలువ వెండిదని కొక్కెం దగ్గర మాత్రమే తెలుస్తోంది. మిగతాదంతా కాటుక పూసినట్టు నల్లబడింది.

లేచి కొట్టంతా కలియజూసింది. చెక్కల మధ్య సందులు వదిలి కట్టిన గోడలవి. సముద్రపు గాలి ఒకవైపు నుంచి దూరి ఇంకోవైపు నుంచి పోతోంది. ఒక బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు నాచు తీసి నలిపింది. అప్పడంలా చిటపటలాడి పొడైంది. నాచు పిండిపట్టే మరకి కొత్తగా బిగించిన రాగి తీగలు బయటికి కనిపిస్తున్నాయి. ఎర్రగా, అప్పుడే తోమినట్టు మెరుస్తున్నాయి.

ఆమె ఉబీయాని పిలిచి ముందు సిలువ చూపించింది, తర్వాత తీగలు చూపించింది. వెండిని నల్లబరిచిన వాయువు రాగిని వదిలిపెట్టదని చెప్పింది. డాక్టరు వాయువు పీల్చే చనిపోయాడు, కానీ ఇక్కడ కాదంది.

"ఒడ్డున గుట్టలు పడి కుళ్ళిన నాచు పశువుల్ని కూడా చంపుతుంది. తెలుసా నీకు?" అన్నాడు ఉబీయా.

"కుళ్ళితే కదా. ఇది ఎండునాచు. ఎండునాచు చంపదు."

"మీ అమ్మ నాచు ఏరే మనిషేనట. అందుకేనా దీని మీద ఇంత ప్రేమ?"

"అందుకే ఎండిందో కుళ్ళిందో చేత్తో పట్టుకుంటే చెప్పగలను. మీరు కళ్ళతో కూడా చూసినట్టు లేరు."

ఉబీయా ముఖం కందింది. అయినా గొంతు పెంచలేదు. చచ్చినవాడి కళ్ళు చారెడేసి అన్నారు, నిన్నటిదాకా ఈ డాక్టర్ని ఎవరూ లెక్కచెయ్యలేదు, ఇప్పుడు హత్య అనగానే మహానుభావుడైపోతాడు అని వెటకారం చేశాడు. చివరికి తన మాట తేల్చేశాడు. సాయంత్రం ఫెర్రీ కదిలేలోగా ఇది ప్రమాదం కాదని ఎల్బా రుజువు చెయ్యాలి. చెయ్యలేకపోతే నాచు అమ్మిన ముసలావిణ్ణి నిర్లక్ష్యం కేసు కింద అరెస్టు చేసి తనతో తీసుకుపోతాడు.

ఆ ముసలావిడ కొట్టు బయట బోర్లించిన బుట్ట మీద కూర్చుని ఉంది. పేరు క్లోరిందా బార్రియా. ఆటుకి నీళ్ళు వెనక్కి వెళ్ళినప్పుడు ఏరు సముద్రంలో కలిసే చోట, ఏటిమొగ బురదలో నాచు ఏరే ఆడవాళ్ళకి ఆమె పెద్ద. నడుముకి తాడు, కాళ్ళకి పాత రబ్బరు బూట్లు, ఒళ్ళంతా వణుకు. చలికి వణుకుతోందనుకుంది ఎల్బా. కాస్త గమనిస్తే సంగతి తెలిసింది. తెల్లదుస్తుల మనిషి ఎవరు ఎదురుగా నడిచిపోయినా ఆమె వణుకు ఎక్కువవుతోంది.

ఆ కేంద్రంలో అందరివీ తెల్లదుస్తులే. బయటి జబ్బులు తొట్లదాకా రాకుండా తల నుంచి కాళ్ళదాకా ఒకే రకం తొడుగు, ముఖానికి గుడ్డ, మోకాళ్ళ దాకా బూట్లు. మనిషికీ మనిషికీ తేడా దగ్గరికొస్తే తప్ప తెలీదు. ఎల్బా ఒంటి మీదా అదే ఉంది. ముసలావిడ భయం పోవాలని ఆమె ముఖం మీది గుడ్డ తీసేసి పక్కన కూర్చుంది.

అప్పుడు క్లోరిందా నోరు విప్పింది. తెల్లవారుజామున అందరికంటే ముందే వచ్చిందట. పొగమంచు దట్టంగా ఉందట. కొత్త భవనం వైపు నుంచి తెల్లదుస్తుల మనిషొకడు మేత బస్తాలు లాగే బండిని తోసుకుంటూ నాచు కొట్టు వైపు వెళ్ళాడట. బండి మీద టార్పాలిన్ కప్పి ఉంది. దాని కింద నుంచి ఒక బూటు వేలాడుతోంది. ఎవరికో ఒంట్లో బాగోలేదనుకుని ఆమె కేకేసింది. ఆ మనిషి ఆగాడు. ఆమె వైపు తిరిగాడు. పలకలేదు, కదల్లేదు. చాలాసేపు అలాగే నిలబడి చూసి, మళ్ళీ బండి తోసుకుంటూ పోయాడు.

"ముఖం చూశారా దోన్యా క్లోరిందా?" పెద్దవాళ్ళని అక్కడ మర్యాదగా అలాగే పిలుస్తారు.

"ముఖమేదీ తల్లీ? అంతా తెలుపే." ఆమె ఎల్బా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "వాడు నన్ను చూశాడు. నేనే వాణ్ణి చూళ్ళేదు. ఇప్పుడు ఎవరు ఎదురొచ్చినా వాడేనేమో అనిపిస్తోంది. ఇందాక ఒకబ్బాయి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. గొంతు ఎండిపోతున్నా తాగలేకపోయాను."

గ్లాసు ఆమె కాళ్ళ దగ్గరే నిండుగా ఉంది. ఎల్బా దాని వైపు చూసింది. వాకిట్లో అటూ ఇటూ పోతున్న తెల్లని బొమ్మల వైపు చూసింది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో హంతకుడు ఎక్కడో దాక్కుంటే వెతికింది గాని, ఇలా కళ్ళ ముందే తిరుగుతూ ఉండగా ఎప్పుడూ కూర్చోలేదు.

ఆమె ఉబీయా దగ్గరికి వెళ్ళి, మిగతా విషయాల్లో తనని ఎంత వెక్కిరించినా సరే, ఈ ముసలావిణ్ణి మాత్రం ఒంటరిగా వదలొద్దంది. అతను నవ్వాడు గాని సరేనన్నాడు.

కేంద్రం మేనేజరు ఎర్విన్ హార్ట్‌విగ్ పిల్లల్ని పెంచే పాత షెడ్డులో దొరికాడు. పొడవాటి మనిషి, మెత్తటి గొంతు. తొట్టి అంచు పట్టుకుని, నీళ్ళలోకి చూస్తూ మాట్లాడాడు. కొత్త భవనంలో చనిపోయిన పిల్లలన్నీ నాచు మేత తిన్నవేనని, తాను మొదటి నుంచీ వద్దంటున్నా డాక్టరు వినలేదని చెప్పుకొచ్చాడు.

ఎల్బా వింటూనే పక్కనున్న మేత బాల్చీలో చెయ్యి పెట్టింది. గింజల మధ్య ఎర్రటి పొడి మెరిసింది. చిటికెడు తీసి తొట్టిలో చల్లింది. నీళ్ళు మరిగినట్టయ్యాయి. వేలెడంత పిల్లలు వందలకొద్దీ పైకి ఎగబడి, ఒకదాన్నొకటి తోసుకుంటూ మేతని క్షణంలో ఊడ్చేశాయి.

"ఇవి కూడా నాచు తింటున్నాయి."

"అవును."

"నిక్షేపంగా ఉన్నాయి."

"ఇక్కడి నీళ్ళు ఏటి నుంచి నేరుగా వస్తాయి, అందుకని..." అంటూ హార్ట్‌విగ్ ఆగిపోయాడు.

"కొత్త భవనంలో?"

"అక్కడ అవే నీళ్ళని వడకట్టి మళ్ళీ మళ్ళీ తిప్పుతాం."

"అక్కడ నాచు తినని తొట్లు కూడా ఉన్నాయా?"

అతను మళ్ళీ నీళ్ళలోకి చూశాడు.

"దోన్ ఎర్విన్, మర్యాదగా అడిగేది ఒక్కసారే."

"సగం తొట్లకి మామూలు మేతే. పోల్చి చూడాలని నిబాల్దో అలా ఏర్పాటు చేశాడు."

"వాటి సంగతి?"

"అవీ పోయాయి" అన్నాడు, వినీ వినపడకుండా.

నాచు తిన్నవీ తిననివీ ఒకేలా చచ్చాయంటే చంపింది మేత కాదు, నీళ్ళు. ఎల్బా గుచ్చి గుచ్చి అడిగితే మిగతాది బయటపడింది. కొత్త భవనం అడుగున, సగం భూమిలోకి కట్టిన హాల్లో నీళ్ళు వడకట్టే యంత్రాలున్నాయి. చేపల మలం, మిగిలిపోయిన మేత అక్కడి గోతిలో పేరుకుని కుళ్ళుతుంది. గోతిని వేళకి కడగకపోతే ఆ కుళ్ళులోంచీ అదే విషవాయువు పుట్టి, నీళ్ళలోనూ కలుస్తుంది. నిన్న సాయంత్రం నిబాల్దో వచ్చి, గొయ్యి చూడటానికి కిందికి దిగుతున్నానని చెప్పాడట. పొద్దున్న వెళ్దువుగానిలే అని చెప్పి తాను ఇంటికి పోయానని హార్ట్‌విగ్ అన్నాడు. అది నిజమో కాదో అతని ముఖంలో తెలియలేదు. భయం మాత్రం తెలిసింది.

కింద హాలు చూడాలంది ఎల్బా. ఆ మాట పూర్తికాకముందే వెనక నుంచి, "నేను ఏర్పాటు చేస్తాను ఇన్‌స్పెక్టర్ గారూ" అని వినిపించింది. ఆమె ఉలిక్కిపడింది. అతను ఎప్పటి నుంచి అక్కడ నిలబడ్డాడో తెలీదు. భద్రతా అధికారి ఎలియాస్ పైయాకార్ అని తనే పరిచయం చేసుకున్నాడు. గుడ్డ పైన కళ్ళు కుర్రవాడివిలా ఉన్నాయి. అగ్గిపెట్టెంత అలారం ఒకటి తెచ్చి ఆమె ఛాతీకి తగిలించాడు. వాయువు తగిలితే అది మోగుతుంది, పచ్చదీపం వెలుగుతూ ఉన్నంతసేపు భయం లేదు అన్నాడు. తగిలించేటప్పుడు అతని వేళ్ళు కొక్కేన్ని రెండు మూడుసార్లు తప్పాయి. తోడు రమ్మంటే, పైన ఫ్యాను దగ్గర ఎవరో ఒకరుండాలని తప్పుకున్నాడు.

తాను తెలుసుకున్నదంతా, తాను వెళ్తున్న చోటూ ఉబీయాకి చెప్పమని తనతో వచ్చిన కానిస్టేబుల్ని పంపి, ఎల్బా మెట్లు దిగింది.

మెట్ల కింద ఇనుప తలుపు. గడియ బయటివైపే ఉంది. లోపల మసక దీపాలు, నేలంతా తడి, ఎక్కడో నీళ్ళు కారుతున్న చప్పుడు. పైకప్పు దగ్గర పెద్ద ఫ్యాను గుయ్యిమంటోంది. గోడ వెంట పోయే రాగి గొట్టాల మీద టార్చి వేసింది. తారు పూసినట్టు నల్లగా ఉన్నాయి. నేల మీది బురద బూడిదరంగులో ఉంది. డాక్టరు బూట్ల కింద ఉన్నదదే. ఆమె అనుకున్నదానికి రుజువు దొరికింది. ఇక పైకి వెళ్ళిపోవచ్చు. వెళ్దామని వెనుదిరిగినప్పుడు, తన వెనక మూసుకున్న తలుపు లోపలివైపు కనిపించింది.

తలుపు మీద రంగు ఊడిపోయి ఉంది. మనిషి ఛాతీ ఎత్తున, పిడికెడు పిడికెడు మేర, అడ్డదిడ్డంగా సొట్టలు పడి ఉన్నాయి. కిందికి వచ్చేకొద్దీ సొట్టలు లోతు తగ్గి, చివరివి మోకాలి ఎత్తులో గీతలుగా మిగిలాయి. అడుగున ఒక పెద్ద పానా, దాని పక్కన పగిలిన కళ్ళద్దాలు.

నిబాల్దో గోతిలో పడి చావలేదు. ఈ తలుపుని పానాతో కొట్టాడు. నిలబడి కొట్టాడు, మోకాళ్ళ మీద కూలిపోయి కొట్టాడు, చెయ్యి లేవనప్పుడు గీశాడు. ఎవరూ తియ్యలేదు. ఎల్బా ఆ సొట్టల మీద చెయ్యి పెట్టింది.

అప్పుడే ఫ్యాను చప్పుడు తగ్గింది. తగ్గి తగ్గి ఆగిపోయింది.

ఆ నిశ్శబ్దంలో, తలుపుకి ఆవల, మెట్లు దిగుతున్న బూట్ల చప్పుడు. తొందరేమీ లేదు. ఎల్బా తలుపు లాగబోయింది. ఆమె చెయ్యి పిడి మీద పడేలోపే గడియ జారిన చప్పుడైంది.

ఆమె పైయాకార్ పేరు పెట్టి అరిచింది, ఉబీయా పేరూ పెట్టి అరిచింది. బూట్లు తిరిగి పైకి వెళ్ళాయి. కాసేపటికి హాలు మధ్యలో ఏదో మోటారు గుర్రుమంటూ కదిలింది. గోతిలోని కుళ్ళుని కలియబెట్టే యంత్రం. వెంటనే గుప్పున వచ్చింది, మురిగిన గుడ్ల కంపు. కళ్ళు మండాయి. ఛాతీ మీద అలారం మోగలేదు. పచ్చదీపం చల్లగా వెలుగుతూనే ఉంది.

ఆమె పానా తీసుకుని తలుపు బాదింది. బాదుతూ బాదుతూ ఉండగా కంపు తగ్గినట్టనిపించింది. తగ్గి, పూర్తిగా పోయింది. ప్రాణం లేచొచ్చినట్టయింది. మరుక్షణమే ఒక మాట గుర్తొచ్చింది. శవపరీక్షలు చేసే డాక్టరొకాయన ఎప్పుడో అన్న మాట అది. ఈ వాయువు వాసన వస్తుంటే ఇంకా బతికున్నట్టు. గాలిలో ఎక్కువైతే ముందు ముక్కునే చంపుతుంది. వాసన పోయిందంటే వాయువు పోయినట్టు కాదు, మనం పోబోతున్నట్టు.

బరువైన వాయువు నేలనే అంటిపెట్టుకుంటుందని గుర్తొచ్చి, యంత్రం పక్కనున్న ఇనుప నిచ్చెన పట్టుకుంది. ఒక్కో మెట్టూ ఒక్కో కొండలా ఉంది. పైకి పాకాక తల తిరిగి దేన్నో పట్టుకుంది. పిల్లల తొట్లలోకి ప్రాణవాయువు పంపే సన్నటి గొట్టం. అది ఏమిటో తెలిసేసరికి కొంచెం సేపు పట్టింది. రెండు చేతులతో పీకింది, ఊడలేదు. పళ్ళతో కొరికి పీకింది. చల్లటి గాలి బుస్సుమని ముఖానికి కొట్టింది. గొట్టాన్ని నోట్లో పెట్టుకుని, కళ్ళు మూసుకుని పీల్చింది. చచ్చిన చేపపిల్లల కోసం వస్తున్న ఊపిరి అది. దాన్ని తల్లి పాలలా పీల్చింది. కింద నేల కనిపిస్తోంది, పానా కనిపిస్తోంది, పగిలిన కళ్ళద్దాలు కనిపిస్తున్నాయి. చూడకూడదనుకుంది.

తలుపు తెరుచుకుంది. ముక్కుకి తడిగుడ్డ కట్టుకుని ఉబీయా లోపలికి దూకాడు. "ఎల్బా" అని పిలిచాడు. ఇంటిపేరుతో కాక పేరు పెట్టి పిలవడం అదే మొదటిసారి. ఆమెని నిచ్చెన మీంచి దింపి, భుజాన వేసుకుని మెట్లెక్కి గడ్డి మీద పడేశాడు. ఆమె కడుపులో ఉన్నదంతా కక్కుకుంది.

"గడియ బయట వేసి ఉంది" అన్నాడు ఉబీయా. ముఖంలో వెటకారం లేదు. కానిస్టేబులు చెప్పింది విని మేనేజర్ని తనే నిలదీద్దామని అతని గదికి వెళ్ళాడట. మాట్లాడుతుండగా అక్కడి మీటల పలక మీద, కింది హాలు ఫ్యాను తిరుగుతోందని చూపే దీపం ఆరిపోయింది. అది చూసి హార్ట్‌విగ్ ముఖం సున్నంలా తెల్లబడింది. అప్పుడు పరిగెత్తుకొచ్చాడు.

ఎల్బా ఛాతీ మీది అలారం పీకి తిప్పి చూసింది. గాలి పీల్చే చిన్న రంధ్రం మీద పారదర్శకమైన టేపు ముక్క అంటించి ఉంది. గోటితో లాగేసరికి అది చెవులు చిల్లులు పడేలా అరవడం మొదలుపెట్టింది. ఆమె దుస్తులకి పట్టిన వాయువే దానికి చాలింది.

"దోన్యా క్లోరిందా దగ్గర ఎవరున్నారు?"

"ఒంటరిగా వదల్లేదులే. ఫ్యాను దగ్గరి నుంచి ఆ భద్రతా అధికారిని పిలిపించి, కూర్చోబెట్టి..." ఉబీయా మాట ఆపి, ఆమె చెయ్యి పట్టుకుని కొట్టు వైపు పరిగెత్తాడు.

కొట్టు ముందు బుట్ట దొర్లిపోయి ఉంది. గ్లాసు పగిలి ఉంది. రెండు జతల బూట్ల గుర్తులు గట్టు దిగి ఏటిమొగ వైపు వెళ్ళాయి. ఒక జత చిన్నవి, దూరదూరంగా. వాటి మీదుగా పెద్దవి.

నీళ్ళు వెనక్కి పోయినచోట బురద నేల పొగమంచులో కలిసిపోయి ఉంది. ఎల్బా ఊపిరి అందకపోయినా ఆగలేదు. ఉబీయా ఆమె మోచెయ్యి పట్టుకుని నడిపించాడు. అలారం ఎక్కడో పడిపోయింది. కాస్త దూరం పోయాక మనిషి ఏడుపు వినిపించింది. ఆడమనిషిది కాదు.

పైయాకార్ నడుందాకా బురదలో కూరుకుపోయి ఉన్నాడు. ముఖం మీది గుడ్డ ఊడిపోయింది. ఇంకా మీసం సరిగ్గా రాని కుర్రవాడి ముఖం. కాస్త అవతల, నాచు మొలిచిన గట్టి ఇసుక మీద క్లోరిందా నిలబడి ఉంది. నడుం తాడు విప్పి చేతిలో పట్టుకుంది. వెయ్యలేదు. పోటు మొదలైంది. నీళ్ళు నాలుకలు చాస్తూ ఇద్దరి చుట్టూ చేరుతున్నాయి.

"వీడే తల్లీ" అంది ఆమె. గొంతు వణుకుతోంది గాని తాడు పట్టుకున్న చెయ్యి వణకడం లేదు. "పొద్దున నన్ను చూశావు కదా, ఎవరికీ చెప్పకు అన్నాడు. పరిగెత్తాను. వెంటపడి దిగబడ్డాడు. వెయ్యనా, వద్దా? నువ్వే చెప్పు."

"వెయ్యండి" అంది ఎల్బా.

తాడు పడింది. ఎల్బా, ఉబీయా ఒక కొస పట్టుకుని లాగుతుంటే, పైయాకార్ దాన్ని చంకల కింద చుట్టుకుని అడగకుండానే చెప్పుకుపోయాడు. అలారాలన్నిటికీ టేపు వేసింది తనే. ఊరికూరికే మోగుతున్నాయని, పని ఆగిపోతోందని రోజూ తిట్లు తినలేక అలా చేశాడు. ఎల్బాకిచ్చింది కూడా ఆ టేపుదే. చెబుదామనుకున్నాడు, చెబితే అంతా బయటపడుతుందని నోరు రాలేదు. నిన్న రాత్రి కింద తలుపు బాదుతున్న చప్పుడు విన్నాడు. తన టేపుల సంగతి డాక్టరు కనిపెట్టేశాడని, బయటికొస్తే తన బతుకు ముగిసిందని భయపడ్డాడు. మెట్ల మీద కూర్చుని చెవులు మూసుకున్నాడు. చప్పుడు ఆగిపోయాక ఏడ్చాడు. తెల్లవారుజామున శవాన్ని బండి మీద వేసి నాచు కొట్టులో పడుకోబెట్టాడు.

"చేతులు నేనే పొట్ట మీద పెట్టాను. నాకు చదువు చెప్పించింది ఆయనే."

"గడియ వేసి, విని ఊరుకున్నావు. ఇవాళ ఈమె మీదా వేశావు" అన్నాడు ఉబీయా.

"వెయ్యలేదు. నేను వెళ్ళేసరికే వేసి ఉంది. నేను తియ్యలేదు, అంతే." కుర్రవాడు ఎల్బా వైపు చూశాడు. "మీ మీద కూడా నేను వెయ్యలేదమ్మా. నేను ఈవిడ దగ్గరున్నాను."

అది నిజమని ఎల్బాకి అప్పుడే తట్టింది. ఫ్యాను ఆగినప్పుడు మేనేజరు ఉబీయా ఎదుట ఉన్నాడు. ఈ కుర్రవాడు క్లోరిందా దగ్గరున్నాడు. మరి ఆ బూట్లు ఎవరివి?

"ఎవరు వేశారు?" అంది.

పైయాకార్ నోరు తెరిచాడు. అతని చూపు ఆమె భుజం మీదుగా గట్టు వైపు పోయింది. నోరు మూసుకుపోయింది. పోటు నీళ్ళు ఛాతీకి తగులుతున్నా లేని భయం ఆ కళ్ళలో కనిపించింది.

ఎల్బా వెనక్కి తిరిగింది. గోల విని కేంద్రంలోవాళ్ళంతా గట్టు మీదికి వచ్చి వరసగా నిలబడ్డారు. పొగమంచులో అందరూ ఒకేలా తెల్లగా ఉన్నారు, ఎవరికీ ముఖాలు లేవు. ఆ వరసలోంచి ఒకరు వెనక్కి తిరిగి, ఫెర్రీ రేవు వైపు నడవడం మొదలుపెట్టారు. తొందరేమీ లేదు.

"పట్టుకోండి వాణ్ణి" అని ఉబీయా గట్టు వైపు అరిచాడు. ఎవరిని అన్నాడో అక్కడ ఎవరికీ అర్థం కాలేదు. తెల్లని మనుషులు ఒకరినొకరు చూసుకున్నారు. అతను తాడు వదలబోయాడు. పట్టు సడలగానే బరువంతా ఎల్బా చేతుల మీద పడి, కుర్రవాడు గడ్డందాకా దిగిపోయాడు. ఉబీయా మళ్ళీ పట్టుకున్నాడు.

తాడు వదిలితే వీడు పోతాడు. వదలకపోతే వాడు పోతాడు.

ఎల్బా తాడుని మణికట్టుకి ఇంకో చుట్టు చుట్టుకుంది.